టీకా వేశాక అరగంట: మా సబ్‌సెంటర్‌లో సుకన్య ఖాతాలు తెరిపించిన అనుభవం

బుధవారం టీకా వేశాక బిడ్డను అరగంట మా ఊరి ఆరోగ్య సబ్‌సెంటర్ దాటనివ్వం. ఏదైనా తేడా చేస్తే కళ్ళ ముందే చూసుకోవాలి. ఆ అరగంటా తల్లి బల్ల మీద కూర్చునే ఉంటుంది. సంచిలో టీకా కార్డు, ఆధార్ జిరాక్సు ఉంటాయి, పక్కన అమ్మో అత్తో ఉంటుంది. బ్యాంకుకు వెళ్ళమంటే ఆ రోజు కూలి పోతుందని వెళ్ళని మనిషి, ఇక్కడికి మాత్రం ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం, మళ్ళీ తొమ్మిదో నెల అని నాలుగుసార్లు వస్తుంది. 2024 జులై నుంచి 2025 ఏప్రిల్ మొదటి వారం దాకా ఆ అరగంటలోనే ఆడబిడ్డలకు సుకన్య సమృద్ధి ఖాతాలు, అంటే ఆడపిల్ల పేరున తెరిచే ప్రభుత్వ పొదుపు ఖాతాలు, పోస్టాఫీసులో తెరిపించాం. మావి అప్పటి ప్రకాశం జిల్లాలో పొదిలి వైపు మెట్ట పల్లెలు. ఈ పని మొదలుపెట్టాలనుకునే ఏఎన్‌ఎం నర్సులకు, ఊళ్ళో ఆశా కార్యకర్తలకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆలోచన మా మెడికల్ ఆఫీసరు గారిది. అమెరికాలో బోస్టన్ మెడికల్ సెంటర్‌లో 2016లో ఇద్దరు పిల్లల డాక్టర్లు స్ట్రీట్‌క్రెడ్ అని ఒక కార్యక్రమం పెట్టి, బిడ్డను చూపించడానికి వచ్చిన పేద తల్లిదండ్రులకు ఆసుపత్రిలోనే ఉచితంగా పన్ను రిటర్నులు వేయించడం మొదలుపెట్టారని, ప్రభుత్వం నుంచి వాళ్ళకు రావాల్సిన డబ్బు అలా చేతికి అందుతోందని సమీక్షలో చెప్పారు. మన తల్లులకు పన్నుల సంగతి లేదు గానీ గర్భిణులకు, బాలింతలకు కేంద్రం ఇచ్చే మాతృ వందన డబ్బు ఉంది. మొదటి కాన్పుకు కడుపుతో ఉన్నప్పుడు 3,000, బిడ్డ పుట్టాక 2,000, మొత్తం 5,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఒకేసారి 6,000. బిడ్డ పుట్టాక వచ్చే డబ్బుకు పుట్టిన నమోదు ఉండాలి, 14 వారాల టీకాలు పూర్తి కావాలి. టీకాకీ డబ్బుకీ ముడి ముందే పడి ఉంది. అందులో కొంత బిడ్డ పేరున నిలబెడదాం అన్నారాయన.

మొదటి ప్రయత్నం 2024 జులై 10, బుధవారం. ఊళ్ళో బ్రాంచి పోస్టాఫీసు ఆయన్ని ముందే అడిగి పెట్టుకున్నాం. ఫారాలు, చేతి మిషను పట్టుకొని పది గంటలకే వచ్చాడు. ఆడబిడ్డల తల్లులు ఐదుగురు వచ్చారు. ఒక్క ఖాతా కూడా తెరవలేకపోయాం. ఒకామె బిడ్డకు పుట్టిన సర్టిఫికెట్టే తీసుకోలేదు. ఒకామె దగ్గర సర్టిఫికెట్ ఉంది, అందులో బిడ్డ పేరు గడి ఖాళీ. ఇంకొకామె ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, సర్టిఫికెట్‌లో అత్తింటి ఇంటిపేరు. నాలుగో ఆమె పురిటికి పుట్టింటికొచ్చింది, కాగితాలన్నీ అత్తగారింట్లో ఉన్నాయి. ఐదో ఆమెకు అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఖాతాకు కట్టాల్సిన 250 రూపాయలు చేతిలో లేవు. "మా ఆయన్ని అడిగి చెప్తా నర్సమ్మా" అంది. ఆయన హైదరాబాద్‌లో బేల్దారి పనిలో ఉన్నాడు. పోస్టాఫీసు ఆయన ఏమీ అనలేదు గానీ ఫారాలు మళ్ళీ సంచిలో సర్దుకుంటుంటే మాకే ప్రాణం ఉసూరుమంది.

ఆ సాయంత్రం ఆశాలతో కూర్చుని ఐదు కారణాలూ కాగితం మీద రాశాం. నాలుగు కారణాలు కాగితాలవే. ఖాతా రోజు కాగితాలు అడిగితే పని కాదు. ఒక్కో టీకాకు ఒక్కో కాగితం పూర్తి చేయించాలి, అది కూడా కడుపుతో ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. ఆ రోజు నుంచి టీకా కార్డు అట్ట లోపల పెన్సిల్‌తో గళ్ళు గీశాం. పూర్తయిన దానికి టిక్కు. ఏ ఊళ్ళో ఏ నర్సు చూసినా తెలిసేలా అంతే పెట్టాం.

మొదటి గడి ఎనిమిదో నెల. కాన్పుకు వెళ్ళేటప్పుడు తల్లి ఆధార్, తండ్రి ఆధార్ జిరాక్సులు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టిస్తాం. ఆసుపత్రిలో పుట్టిన వివరాల ఫారం నింపేటప్పుడు ఎవరో ఒక బంధువు నోటితో చెబుతారు, రాసేవాళ్ళు విన్నట్టు రాస్తారు. 'వెంకట సుబ్బమ్మ' కాస్తా 'సుబ్బమ్మ' అవుతుంది, కొత్త కోడలికి అత్తింటి ఇంటిపేరు తగులుతుంది. అందుకే కవరు ఇచ్చేటప్పుడు ఒక్కటే చెబుతున్నాం: "నోటితో చెప్పొద్దమ్మా, ఆధార్ చూపించి అందులో ఉన్నట్టే రాయమను." ఈ తప్పు ఒక్కచోట ఆగదు. పుట్టిన సర్టిఫికెట్ చూసే బిడ్డ ఆధార్ తీస్తారు, అది చూసే బడిలో రాస్తారు. మొదట దిద్దితే ఒక రోజు పని, తర్వాత దిద్దాలంటే మూడు ఆఫీసులు తిరగాలి.

పుట్టినచోటే నమోదవుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. కాన్పు ఒంగోల్లో అయితే సర్టిఫికెట్ ఒంగోల్లోనే. మన పంచాయతీలో అడిగి లాభం లేదు. 21 రోజుల లోపు నమోదు ఉచితం. ఆ తర్వాత ఆలస్య రుసుము, నెల దాటితే అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా వెళ్తుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయితే నమోదు వాళ్ళే చేస్తారు కాబట్టి ఆ భయం తక్కువ. మాకు చిక్కంతా పేరు దగ్గరే. ఇరవై ఒకటో రోజున ఉయ్యాల్లో వేసి పేరు పెట్టే ఇళ్ళు కొన్ని, మూడో నెలో ఐదో నెలో చూద్దాం అనే ఇళ్ళు కొన్ని. సర్టిఫికెట్ మాత్రం పేరు లేకుండా ముందే వచ్చేస్తుంది. పేరు లేని బిడ్డకు ఖాతా తెరవరు. నమోదైన ఏడాదిలోపు పేరు చేర్పించడానికి రుసుము లేదు. కానీ ఒంగోలు వెళ్ళి రావాలి, బస్సు చార్జీలు, ఒక రోజు కూలి, చంకలో పసిబిడ్డ. అందుకని డిశ్చార్జి లోపే పేరు అనుకోమని ఇప్పుడు అత్తగార్లకు చెబుతున్నాం. కోడళ్ళకు చెబితే "అత్తని అడగాలి" అంటారు, కాబట్టి నేరుగా అత్తకే చెప్పడం మేలు. మా దగ్గర సర్టిఫికెట్ చేతికి రావడానికి తొందరగా అయితే 12 రోజులు, ఆలస్యమైన ఒక కేసులో 47 రోజులు పట్టింది.

రెండో గడి ఆరో వారం టీకా. తల్లి ఖాతాకు ఆధార్ జత అయిందో లేదో చూడటం. ఇక్కడే మేం ఎక్కువ నేర్చుకున్నాం. ప్రతి ఆడమనిషికీ రెండు మూడు ఖాతాలున్నాయి. జన్‌ధన్‌ది ఒకటి, డ్వాక్రా గ్రూపు కోసం తెరిచింది ఒకటి, పోస్టల్ పేమెంట్స్ బ్యాంకుది ఒకటి. మాతృ వందన డబ్బు ఖాతా నంబరు చూసి పడదు. ఆధార్‌కు చివరిగా ఏ ఖాతా జతపడి ఉంటే అందులో పడుతుంది. "నాకు రాలేదు" అన్న ముగ్గురిలో ఇద్దరికి డబ్బు వచ్చి, వాళ్ళు మర్చిపోయిన ఖాతాలో పడి ఉంది. మూడో ఆమెకు రెండేళ్ళుగా లావాదేవీ లేక ఖాతా పనిచేయడం ఆగిపోయింది. మళ్ళీ వేలిముద్ర, ఫొటో, ఆధార్ ఇచ్చి తెరిపించాక గానీ పని కాలేదు, దానికి 19 రోజులు. ఆధార్ వెబ్‌సైటులో బ్యాంకు జత వివరం ఫోన్‌లోనే చూడొచ్చు, ఓటీపీ ఆమె ఆధార్‌కు ఇచ్చిన నంబరుకే వస్తుంది. ఆ నంబరు పోయి ఉంటే ఆధార్ కేంద్రం దారే.

ఓటీపీ గురించి గట్టిగా చెప్పాలి. తల్లి ఫోను తల్లి చేతిలోనే ఉండాలి, అంకెలు ఆమే నొక్కాలి. తెల్లకోటు వేసుకున్నవాళ్ళు అడిగితే జనం నమ్మి చెప్పేస్తారు. ఆ అలవాటు మనం చేస్తే రేపు ఎవరో "సబ్‌సెంటర్ నుంచి ఫోన్" అని మోసం చేస్తారు.

పదో వారానికి బిడ్డ ఆధార్. ఐదేళ్ళ లోపు బిడ్డకు వేలిముద్రలు ఉండవు, తల్లి లేదా తండ్రి ఆధార్‌తో జతచేస్తారు. సుకన్య ఖాతాకు మా పోస్టాఫీసులో తల్లి ఆధార్, బిడ్డ పుట్టిన సర్టిఫికెట్ సరిపోయాయి. ఆ గడి ఖాళీగా ఉన్నా ఖాతా ఆపవద్దు.

పద్నాలుగో వారం ఖాతా రోజు. ఇక్కడ రెండు పనులు కలిసొస్తాయి. మాతృ వందన ఫారం ఇస్తాం, సుకన్య ఫారం నింపిస్తాం. కావాల్సినవి: బిడ్డ పుట్టిన సర్టిఫికెట్ అసలు, జిరాక్సు; తల్లి ఆధార్ జిరాక్సు; పాన్ కార్డు, లేకపోతే పాన్ లేదని రాసిచ్చే ఫారం; తల్లి ఫొటోలు రెండు; 250 రూపాయలు. ఖాతాలో నిల్వ 50,000 దాటాక మాత్రం రెండు నెలల్లో పాన్ ఇచ్చుకోవాలి. సంరక్షకుల గడిలో తల్లి పేరే రాయించండి. తండ్రి పేరు రాస్తే ఆయన బేల్దారి పని నుంచి దసరాకో సంక్రాంతికో వచ్చేదాకా సంతకం ఉండదు. వేలిముద్ర వేసే తల్లికి సాక్షి కావాలి, ఆ రోజు ఉన్న అంగన్‌వాడీ టీచరును పిలుస్తున్నాం. ఫొటోలు 60 రూపాయలు, జిరాక్సులు పది పన్నెండు రూపాయలు, ఊరి బయటి పల్లె నుంచి వస్తే రానూపోనూ ఆటో 40. మొత్తం వంద, నూట ఇరవై పై ఖర్చు. 250 మాట చెప్పి ఈ వంద మాట చెప్పకపోతే తల్లి అక్కడికొచ్చి తెల్లమొహం వేస్తుంది.

బ్రాంచి పోస్టాఫీసులో డబ్బు కట్టగానే రసీదు ఇస్తారు, పుస్తకం పై పోస్టాఫీసు నుంచి రావాలి. మాకు మొదటి పుస్తకం 2024 ఆగస్టు 7న కట్టినదానికి ఆగస్టు 29న వచ్చింది. ఆ మూడు వారాలూ ఆ తల్లి రోజూ ఆశాను అడిగేది. రసీదును టీకా కార్డు కవర్లోనే పెట్టమని చెప్పండి, పోతే అడగడానికి ఆధారం ఉండదు. రెండు ఫారాలు వెనక్కొచ్చాయి. ఒకటి తల్లి సంతకం ఒకచోట తెలుగులో, ఇంకోచోట పొడి అక్షరాల్లో ఉన్నందుకు. రెండోది అమ్మమ్మ పేరున నింపినందుకు. ఆ బిడ్డ తల్లి బెంగళూరులో పనిలో ఉంది, పెంచేది అమ్మమ్మే. అయినా తల్లిదండ్రులో, చట్టప్రకారం సంరక్షకులో తెరవాలి. పాత రోజుల్లో తాతలు, అమ్మమ్మలు తెరిచిన ఖాతాలను కూడా తల్లిదండ్రుల పేరుకు మార్చుకోవాలని 2024 అక్టోబరు నుంచి నిబంధన వచ్చింది. ఆ ఫారం తల్లి సంక్రాంతికి వచ్చినప్పుడు, 2025 జనవరిలో పూర్తయింది.

మా వల్ల జరిగిన తప్పు ఒకటి రాయాలి. 2024 అక్టోబరులో ఒక తల్లి రాలేక, ఆశా చేతికి 250 ఇచ్చి కట్టమంది. ఆశా కట్టింది. రసీదు ఎక్కడో పడిపోయింది, పుస్తకం నెల దాటినా రాలేదు. "డబ్బులు తినేసింది" అని వీధిలో మాట పుట్టింది. నవంబరు 13న పుస్తకం వచ్చి అందులో 250 కనపడేదాకా ఆ ఆశా ఆ వీధికి వెళ్ళడానికే ఏడ్చింది. ఇన్నేళ్ళ నమ్మకం 250 రూపాయల దగ్గర ఊగిపోయింది. ఆ రోజు నుంచి రూపాయి కూడా మా వాళ్ళెవరూ ముట్టుకోరు. తల్లి చేతి నుంచి పోస్టాఫీసు ఆయన చేతికే. రాలేకపోతే వచ్చే బుధవారం. ఆరోగ్య సిబ్బంది ఈ పని చేయాలంటే మొదట పెట్టుకోవాల్సిన కట్టుబాటు ఇదే, మేం ఆలస్యంగా పెట్టుకున్నాం.

తల్లులకు లెక్క నిజం చెప్పాలి. ఏడాదికి 250 చొప్పున పదిహేనేళ్ళు కడితే, 2025 ఏప్రిల్‌లో ఉన్న 8.2 శాతం వడ్డీ అలాగే ఉన్నా, ఖాతా తెరిచిన 21 ఏళ్ళకు వచ్చేది 12 వేలు. ఆ 250 ఖాతా బతకడానికే. మాతృ వందన 6,000 మొదటి ఏడే వేసేసి, తర్వాత ఏటా 250 వేస్తే సుమారు 42 వేలు. నెలకు 500 చొప్పున పదిహేనేళ్ళు వేయగలిగితే కట్టింది 90 వేలు, వచ్చేది రెండు లక్షల డెబ్బై వేల పైమాటే. వడ్డీ రేటు మూడు నెలలకోసారి ప్రభుత్వం ప్రకటిస్తుంది కాబట్టి ఇవి ఖాయమైన అంకెలు కావని కూడా చెబుతాం. మధ్యలో తీయడానికి కుదరదు. పిల్లకు 18 నిండాక, లేదా పదో తరగతి పాసయ్యాక, చదువు కోసం అంతకుముందు ఏడాది చివరి నిల్వలో సగం దాకా ఇస్తారు. పదేళ్ళు దాటిన పిల్లకు ఖాతా తెరవరు, ఇంటికి ఇద్దరు ఆడపిల్లలకే. రెండో కాన్పులో కవలలు పుడితే మినహాయింపు ఉంది.

ఇంకో మాట చెప్పడానికి మాకు కొంత కాలం పట్టింది. ఒక తల్లి తన కాన్పు ఖర్చుకు నూటికి మూడు రూపాయల వడ్డీకి 15,000 తెచ్చింది. నెలకు 450 వడ్డీకే పోతోంది. మాతృ వందన డబ్బు పడగానే 6,000 మొత్తం పాప పేరున వేస్తానంది. మేం సంతోషపడి ఫారం ఇచ్చేశాం. మెడికల్ ఆఫీసరు గారు ఆపారు. నెలకు నూటికి మూడు రూపాయలు కడుతూ, ఏడాదికి నూటికి ఎనిమిది వచ్చేచోట దాచడమేమిటమ్మా అన్నారు. ఆమె 250తో ఖాతా తెరిచి, మిగతాది అసలులో కట్టింది. నెల వడ్డీ 280కి తగ్గింది. అప్పటి నుంచి ఖాతా ఫారం ఇచ్చేముందు "వడ్డీకి ఏమైనా తెచ్చారా అమ్మా" అని అడుగుతున్నాం. నలుగురిలో అడగకూడదు, తూకం వేసే గదిలోకి తీసుకెళ్ళి అడగాలి. మొగుడికి తెలియని అప్పులు కూడా ఉంటాయి.

ఒప్పించడంలో మాకన్నా అత్తగార్లే గట్టివాళ్ళు. పక్కనున్న నెల్లూరు జిల్లాలో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డాక రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు లేచాయి. ఉదయగిరి వైపు నుంచి కోడళ్ళుగా వచ్చి, ఇప్పుడు అత్తలైన ఇద్దరికి ఆ రోజులు బాగా గుర్తు. వాళ్ళలో ఒకామె బల్ల మీద కూర్చుని, "రూపాయి రూపాయి వేస్తేనే మా గేదెను కొన్నాం, నీ కూతురికి నెలకు వంద వేయలేవా?" అని కోడల్ని అడిగింది. తర్వాత మేం చెప్పాల్సింది పెద్దగా లేకపోయింది.

మగబిడ్డ తల్లులు "మా వాడికేం లేదా" అని అడుగుతారు. సుకన్య లేదు. పోస్టాఫీసులో నెలనెలా కట్టే ఆర్డీ ఉంది, నెలకు 100 నుంచి, ఐదేళ్ళకు. వరుసగా నెలలు తప్పితే ఆగిపోతుంది, కాబట్టి కూలి సక్రమంగా లేని ఇంటికి పీపీఎఫ్ అనే దీర్ఘకాల పొదుపు ఖాతా నయం. ఏడాదిలో 500 ఎప్పుడు వేసినా చాలు.

మార్చి గురించి ముందే జాగ్రత్తపడండి. మార్చి 31 లోపు ఆ ఏటి 250 పడకపోతే ఖాతా ఆగుతుంది, తర్వాత కట్టేటప్పుడు తప్పిన ఒక్కో ఏడాదికి 50 రూపాయల జరిమానా కలిపి కట్టాలి. 2025లో 30వ తేదీ ఆదివారం ఉగాది, 31 రంజాన్. చివరి పనిదినం 29 శనివారం అయింది. మా లెక్కలో 14 మంది ఆడబిడ్డల్లో 9 మందికి ఖాతాలు పూర్తయ్యాయి. మిగతా ఐదుగురిలో ఇద్దరివి పేరు చేర్పు దగ్గర, ఇద్దరివి పుట్టింటి ఊరి దగ్గర, ఒకటి తండ్రి వద్దనడం దగ్గర ఆగాయి. ఆ ఐదుగురి టీకా కార్డుల్లో గళ్ళు ఖాళీగానే ఉన్నాయి, 16వ నెల టీకాకు వచ్చినప్పుడు మళ్ళీ అడుగుతాం.

ఖాతా ఉన్నవాళ్ళకు ఏప్రిల్ మొదటి బుధవారం ముఖ్యం. నెలలో ఐదో తేదీ తర్వాత వేసిన డబ్బుకు ఆ నెల వడ్డీ రాదు. ఏప్రిల్ 5 లోపు వేస్తే ఏడాది పొడవునా వడ్డీ. మాకు అది పొగాకు గ్రేడింగు కూలి చేతిలో ఉండే కాలం కూడా. 2025 ఏప్రిల్ 2న నలుగురు తల్లులు పుస్తకాలు తెచ్చుకున్నారు. అందులో జులైలో 250 లేదని వెనక్కెళ్ళిన ఆమె ఉంది. చీర కొంగులో ముడేసిన నోట్లు విప్పి లెక్కపెట్టింది, 1,200. పోస్టాఫీసు ఆయన పుస్తకంలో రాసిచ్చాక, పాప టీకా కార్డు కవర్లో వెనక్కి దోపుకొని వెళ్ళింది.